బజారులో అన్న మాట

నిన్న బౌరంపేట నుంచి ఒకాయన పాత కంప్యూటర్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. మూత తీసి స్విచ్ వేయగానే గ్రాఫిక్స్ కార్డు ఫ్యాన్లు తిరిగి, వేడెక్కిన దుమ్ము వాసన గుప్పుమంది. ఆ వాసన ముక్కుకు తగిలితే చాలు, నాకు సుజాతక్క గుర్తొస్తుంది. మేడ్చల్ బస్ డిపో దగ్గర నేను నడుపుతున్న ఈ రిపేరు షాపు ఒకప్పుడు ఆమెది. డిప్లొమా కాగితం పట్టుకుని కౌకూర్ నుంచి వచ్చిన నాకు స్క్రూడ్రైవర్ పట్టడం నేర్పింది ఆమే, నోరు తెరవడం నేర్పిందీ ఆమే. మొదటిది తొందరగానే వచ్చింది.

అక్క శాంతమూర్తి అని చెబితే ఆమె ఎక్కడున్నా లేచొచ్చి నన్ను తిడుతుంది. చేరిన కొత్తలో, ఆన్ కాకుండా మొండికేసిన ఒక కంప్యూటర్‌కు నేను ర్యామ్, కేబుల్ రెండూ ఒకేసారి మార్చేశాను. అది ఆన్ అయింది. నేను మురిసిపోతుంటే అక్క రెండూ పీకేసి మళ్ళీ పాతవే పెట్టించింది. "ఒక్కటే మార్చాలె లావణ్యా. రెండు మారిస్తే తప్పు దేనిదో ఎట్ల తెలుస్తది? తప్పు లేనిదాన్ని చెత్తల పారేస్తవా?" అంది. ఆ పూటంతా నాకు ఆ ఒక్క కంప్యూటర్‌తోనే సరిపోయింది.

శామీర్‌పేట అవతల ఒక భూస్వామి ఉన్నాడు. ఊరంతా పటేల్ అనే పిలుస్తారు. కోళ్ళ వ్యాపారం మానేశాక ఖాళీగా పడున్న షెడ్డులో ఆయన క్రిప్టో మైనింగ్ మొదలుపెట్టాడు. చేతికి తగలని డిజిటల్ నాణేల కోసం ఎడతెగకుండా లెక్కలు చేసే మెషిన్ ఒకటి తెచ్చాడు. ఇనుప చట్రానికి వరుసగా ఆరు గ్రాఫిక్స్ కార్డులు, ఒక్కొక్కదాన్నీ మదర్‌బోర్డుకు కలపడానికి తీగతో ఒక చిన్న పలక. ఆ పలకనే రైజర్ అంటారు. దసరాకు ముందు ఇల్లూ వాకిలీ దులుపుకుంటాం కదా, అలాగే మెషిన్ కూడా దులపమని ఆయన కబురు పెట్టాడు. నేనొక్కదాన్నే వెళ్ళి, అన్నీ విప్పి, శుభ్రం చేసి, మళ్ళీ బిగించి, ఆరు కార్డులూ తెర మీద కనబడ్డాకే తిరిగొచ్చాను.

పండగ వెళ్ళాక పటేల్ నలుగురిని వెంటబెట్టుకుని షాపు ముందు దిగాడు. మెషిన్‌లో ఐదే కార్డులు కనబడుతున్నాయట, ఆరోది చచ్చిపోయిందట. "గీ పిల్ల మంచి కార్డు ఎత్తుకపోయి పాడైనదాన్ని వెట్టింది" అన్నాడు, రోడ్డంతా వినబడేలా. చాయ్ హోటల్ వాళ్ళు, బస్సు కోసం నిలబడ్డవాళ్ళు, అందరూ నా వైపే చూశారు. అక్క షాపులో లేదు; నేను తలొంచుకుని లోపలికి వెళ్ళిపోయాను. సాయంత్రానికల్లా ఆ మాట కౌకూర్ చేరింది. ఇక షాపు ముఖం చూడొద్దన్నాడు నాయిన. దొంగ అన్న పేరు ఒకసారి పడితే రేపు ఎవడు పనిస్తాడు, మేం నలుగురిలో ఎట్లా తలెత్తుకోవాలి అని అమ్మ ఏడ్చింది.

పక్క షాపుల వాళ్ళంతా అక్కకు బుద్ధులు చెప్పారట. పెద్దమనిషి, పార్టీలో తిరిగేవాడు, ఆయనతో మనకెందుకు, ఒక కార్డు ఆయన మొఖాన కొట్టి వదిలించుకో అన్నారట. "ఇస్తే ఒప్పుకున్నట్టే" అందట అక్క. మర్నాడు పొద్దున్నే స్కూటీ మీద మా ఇంటికొచ్చింది. నాయిన గుమ్మంలో అడ్డంగా నిలబడితే, నీ బిడ్డ దొంగైతే ఇంట్లో దాచుకో, కాకపోతే నాతో పంపు అని ముఖం మీదే చెప్పింది. నాయిన పక్కకు జరిగాడు.

ఇద్దరం నేరుగా పటేల్ షెడ్డుకు వెళ్ళాం. అక్కడ అక్క పెట్టిన షరతు ఒకటే: ఆ రోజు బజారుకొచ్చిన నలుగురూ కూర్చుని చూడాలి. కూర్చున్నారు. మెషిన్ ఇంకా ఆయుధ పూజ అలంకారంలోనే ఉంది. వాడిన బంతిపూల దండ, కార్డు కార్డుకూ పసుపు బొట్లు, చట్రం మీద కుంకుమ అద్దిన నిమ్మచెక్కలు. అక్క కార్డులన్నీ విప్పి దుప్పటి మీద పరిచింది. మంచి రైజర్ ఒకటి తీసుకుని, దానికే ఒక్కో కార్డు పెట్టి చూపించింది. అన్నీ పనిచేశాయి, చచ్చిందన్న ఆరోది కూడా. "ఏదీ పాడు కాలే. ఇగ గీ పిల్ల మార్చింది ఏంది?" అని నలుగురినీ అడిగింది. తర్వాత ఒకే కార్డు పట్టుకుని రైజర్లు మారుస్తూ పోయింది. చివరి రైజర్ మొరాయించింది. దాన్ని నా చేతికిచ్చి, నువ్వే చూపించు అంది. కరెంటు తీగ గుచ్చే చోట నిమ్మరసంలో నానిన కుంకుమ ఎండి గట్టిపడింది, లోపలి కొనలకు చిలుము పట్టింది. సరిగ్గా దాని మీదే నిమ్మకాయ కోసి పెట్టాడు మహానుభావుడు!

"దేవుని తప్పు లేదు, పిల్ల తప్పు లేదు. ఇగ మిగిలింది మీరే పటేలా" అంది అక్క. ఆయన నవ్వేశాడు. ఏదో కోపంలో అన్నాను, చాయ్ తాగి పొండి అన్నాడు. అక్క కొత్త రైజర్ బిగించి, ఐదు కార్డులూ పెట్టింది. ఆరోది పెట్టలేదు. "బజార్ల అన్నరు. బజార్లకొచ్చి తప్పైందని చెప్పుండ్రి. గప్పుడొచ్చి గిది పెడత." పటేల్ ముఖం మాడిపోయింది. ఆడపిల్లకు నేను చెప్పాలా అన్నాడు. అక్క ఆ కార్డును ఆయన కూర్చున్న మంచం మీద పెట్టి, అన్నీ ఉన్నాయో లేదో లెక్కచూసుకోమని సామాను సర్దేసింది.

తిరుగుదారిలో నేనే అన్నాను, పోనీలే అక్కా, నిజం బయటపడింది కదా అని. స్కూటీ రోడ్డు పక్కన ఆపి వెనక్కి తిరిగింది. "తప్పు దొరికింది. నీ పేరు ఇంక దొరకలే. నువ్వు పోనిస్తే రేపు ఇంకో పిల్లను గిట్లనే అంటరు" అంది. మేడ్చల్ వచ్చేదాకా తిడుతూనే ఉంది. పటేల్ చుట్టాలంతా మా షాపుకు రావడం మానేశారు. ఆ నలుగురూ షెడ్డులో చూసింది ఎవరికైనా చెప్పారా అంటే, చెప్పలేదు. అక్కే చెప్పింది, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ.

పోయినేడు జబ్బు చేసి అక్క పోయింది. దశదినకర్మకు పటేల్ వచ్చాడు. మనిషి బాగా వంగిపోయాడు. నన్ను షామియానా వెనక్కి పిలిచి, "బిడ్డా, అప్పుడు నాదే తప్పు. మనసుల వెట్టుకోకు" అన్నాడు. అక్క బతికుండగా ఈ మాట రాలేదే అని కడుపు మండింది. "గీడ వద్దు పటేలా" అన్నాను. "అందరు ముందటనే కూసున్నరు. ఆడికొచ్చి చెప్పుండ్రి." ఆయన భోజనాల బంతిలో కూర్చున్న జనం వైపు ఒకసారి చూసి, కారెక్కి వెళ్ళిపోయాడు.

నాయిన ఇప్పటికీ సణుగుతుంటాడు. ముసలాయన, తనంత తాను వచ్చి తప్పు ఒప్పుకున్నాడు, ఇంకేం కావాలి నీకు, ఆడదానికి ఇంత పట్టుదల పనికిరాదు అంటాడు. ఒప్పుకున్నది నా చెవిలో కదా నాయినా, అంటాను. నన్ను దొంగన్నది నా చెవిలో కాదు.