గెలిచామని ముందే అనని మనిషి

పోయిన గురువారం మా అక్క ఫోన్ చేసింది. "మీ బావగారు ఇక లేరురా" అంది. "పొద్దున కాఫీ తాగారు. పేపర్లో స్కోరు చూసి 'మళ్ళీ పోయింది' అన్నారు. అంతే" అంది.

ఎనభై ఎనిమిదేళ్ళ మనిషి. వృత్తికి మత్తు డాక్టరు. ఊరందరినీ నిద్రపుచ్చిన ఆయనకి వేసవి వస్తే నిద్ర ఉండేది కాదు. కారణం మా ఊరి బేస్‌బాల్ టీము. డెబ్భైల చివర అక్క స్పాన్సర్ చేస్తే నేను అమెరికా వచ్చి వాళ్ళింట్లో దిగేనాటికే ఆ టీము ఓడిపోవడంలో చెయ్యి తిరిగి ఉంది. నా చదువు ఎనిమిదో క్లాసుతో ఆగింది. ఇంగ్లీషు నేర్చుకున్నది పేపర్లో ఆటల పేజీ చూసే. అందుకే ఓటమికి నాకు డజను మాటలు తెలుసు, గెలుపుకి ఒకటో రెండో. సరే, అది వేరే కథ.

ఓడుతున్నంతసేపూ బావగారు హాయిగా పల్లీలు నమిలేవారు. ముందంజలోకి వస్తేనే గండం. ఇంట్లో ఎవరూ "గెలుస్తున్నాం" అనకూడదు. కూర్చున్నచోటు నుంచి కదలకూడదు.

ఒక ఆదివారం చివరి ఇన్నింగ్స్‌లో మూడు పరుగులు ముందున్నాం. ఆయన అవస్థ చూడలేక అక్క ఉప్పూ ఎండుమిరపకాయలూ గుప్పిట పట్టుకొచ్చి, టీవీకి మూడుసార్లు తిప్పి దిష్టి తీసింది. వాటిని స్టవ్ మీద కాల్చింది. పొగ అలారం మోగింది. మేం దగ్గుతూ కిటికీలు తెరిచి వచ్చేసరికి టీవీలో అవతలివాళ్ళు గంతులేస్తున్నారు.

"ఘాటొచ్చిందంటే దిష్టి లేనట్టే కదండీ, మరెందుకు ఓడారు?" అంది అక్క.

"ఆట రాక" అన్నారు బావగారు, కళ్ళు తుడుచుకుంటూ.

ఎనభైల మొదట్లో నేను పనిచేసే ఫ్యాక్టరీ మూతపడింది. ఎక్కడ ఇంటర్వ్యూ వచ్చినా బావగారు సెలవు పెట్టి, మంచులో రెండేసి గంటలు డ్రైవ్ చేసి తీసుకెళ్ళేవారు. దారంతా "ఏమోయ్, టై సరిచేసుకో" తప్ప మాట ఉండదు. "తప్పకుండా వస్తుందిలే" అని ఒక్కసారీ అనలేదు. నా మీద ఆయనకి నమ్మకం లేదనుకుని నొచ్చుకున్నాను. అక్కతో అంటే, "పిచ్చివాడా, టీము ముందున్నప్పుడు ఆయనెలా ఉంటారో చూళ్ళేదూ?" అంది.

మూడో ఇంటర్వ్యూ కూడా పోయాక తిరుగుదారిలో అన్నాను, "ఇక చాలు బావగారూ. ఇండియా వెళ్ళిపోతాను. మీరూ నన్ను వదిలెయ్యండి."

ఆయన రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. "ఇన్నేళ్ళుగా ఆ టీమువాళ్ళనే వదల్లేదు. నీకేం తక్కువోయ్?"

నాలుగోచోట, ఇంకో ఫ్యాక్టరీలో, ఉద్యోగం వచ్చింది. ఉత్తరం చేతికిస్తే రెండుసార్లు చదివి, వెనక్కి తిప్పి చూసి, "మొదటి రోజు గడవనీ" అన్నారు. ఆ ఫ్యాక్టరీ ఉన్న ఊళ్ళోనే గది తీసుకున్నాను. రిటైరయ్యేదాకా అదే నాకు అన్నం పెట్టింది. ఆ అన్నంలో ఆయన భాగం ఎంతో నాకు తెలుసు.

మొదటి రోజు సాయంత్రం షిఫ్టు దిగి గేటు బయటికొచ్చాను. మంచు పడుతోంది. రోడ్డవతల ఆయన కారు ఆగి ఉంది, వైపర్లు తిరుగుతున్నాయి. వస్తున్నట్టు ఎవరికీ చెప్పలేదని అక్క తర్వాత అంది. అద్దం వెనక నుంచి నన్నూ, నా చేతిలో ఖాళీ లంచ్ డబ్బానీ, మెడలో బ్యాడ్జినీ చూశారు. నేను చెయ్యెత్తేలోగా కారు మెల్లగా మలుపు తిరిగింది. అది నిలిచినచోట, తెల్లటి రోడ్డు మీద, మంచు పడని నల్లటి నలుచదరం ఒకటి కాసేపు అలాగే మిగిలింది.