డస్టర్ మెడలో కోడి

థెల్మా ఒగ్డెన్ మా కురాబిన్ ఊరి డంపింగ్ యార్డును ఇరవై రెండేళ్ళు ఏలింది. ఏలింది అనే అనాలి. గేటు పక్కన రేకుల షెడ్డు, అందులో ఎవరో పారేసిన పళ్ళ డాక్టరు కుర్చీ, ఆ కుర్చీలో ఆమె. ఎండు కొమ్మల కింద పాత టైర్లు దాచి తెచ్చేవాణ్ణి చూపుతోనే పట్టేసేది. మరిచిపోవడమన్నది ఆమె ఒంట్లో లేదు. ఒకసారి మాంసం కూరిన సాసేజ్ రోల్ చల్లారింది అమ్మానని నాలుగేళ్ళు నా బేకరీ గడప తొక్కలేదు. ఊళ్ళో ఉన్నది నా బేకరీ ఒక్కటే.

ఓ జనవరి సోమవారం పొద్దున్నే ఆమె గేటు తెరిచేసరికి, పాత ఫ్రిజ్‌ల గుట్ట పక్కన ఒక కుక్క పడి ఉంది. గొర్రెల్ని తోలే ఎర్ర కెల్పీ, ఏడాది కూడా నిండి ఉండదు. దాని మెడకు చచ్చిన కోడి వేలాడుతోంది. కోడి కుళ్ళి నీరు కారుతోంది, పురుగులు కుక్క చర్మంలోకి కూడా దిగాయి.

మా వైపు ఇదొక పాత వైద్యం. కోళ్ళను పట్టే కుక్క మెడకు అది చంపిన కోడినే కట్టి, కుళ్ళి రాలిపోయేదాకా విప్పకూడదు. మా తాత కూడా చేశాడు, నేనెందుకు దాచాలి. కానీ ఆయన గోనె తాడుతో కట్టేవాడు. ఇక్కడ కట్టింది కంచె తీగతో, నాలుగు చుట్లు. తీగ మాంసంలో దిగిపోయింది.

థెల్మా కటింగ్ ప్లేయర్‌తో ఒక్కో చుట్టునూ కత్తిరించింది. అంత నొప్పిలోనూ ఆ కుక్క తోకతో నేల మీది దుమ్మంతా ఊడ్చిందట. అందుకే డస్టర్ అని పేరు పెట్టింది.

"ఏడ్చావా?" అని తర్వాత అడిగాను.

"ఎవడో తెలీకుండా ఏడిస్తే ఏం లాభం?" అంది.

తెలియడానికి ఎంతో సేపు పట్టలేదు. కుక్క మెడపట్టీ మీద విల్లారా అని చెక్కి ఉంది. అది రస్ కార్మోడీ గొర్రెల ఫారం. పైగా ఆ వచ్చిన శనివారమే రస్ బార్‌లో బీరు గ్లాసు పట్టుకుని, "మా కోళ్ళ దొంగకి వైద్యం చేశాను. తగ్గలేదు. తీసుకెళ్ళి చెత్తలో పారేశాను" అని చెప్పాడు. అందరూ నవ్వారు. నవ్విన వాళ్ళలో నేనూ ఉన్నాను. నెల తిరక్కుండా ఆ కోళ్ళ గూట్లోనే నక్క పట్టుబడింది. అది విని ఎవరూ నవ్వలేదు.

థెల్మా ఆ కుక్కను బతికించడమే కాదు, పని నేర్పింది. చెత్తగుట్టల్లో తన చేతి తొడుగులు దాచి వెతికించేది. అంత కంపులో ఒక తొడుగు వాసన పట్టగలిగిన ముక్కుకు మనిషి ఒక లెక్కా? తొమ్మిదేళ్ళలో డస్టర్ తప్పిపోయిన ఆరుగుర్ని వెతికిపెట్టింది. ఆరో మనిషి క్లెమ్ కార్మోడీ, రస్ తండ్రి. మతిమరుపు ముదిరి వృద్ధాశ్రమం నుంచి నడిచి వెళ్ళిపోయాడు. రెండో రోజు ఎండిన ఏటి జమ్ములో డస్టర్ ఆయన్ని పట్టుకుని, జనం వచ్చేదాకా పక్కనే ఆనుకుని పడుకుంది. ఆ సాయంత్రమే రస్ పేపరువాళ్ళ ముందు నిలబడి, "మా విల్లారా కుక్క. జాతి ఎక్కడికి పోతుంది" అన్నాడు. థెల్మా పళ్ళు నూరింది.

డస్టర్ ముసలిదై, ఆ పళ్ళ డాక్టరు కుర్చీ నీడలోనే కన్నుమూసింది. ఊరంతా కలిసి పార్కులో బొమ్మ పెడదామనుకున్నారు. అప్పటికి రస్ కౌన్సిల్ అధ్యక్షుడు. తనే యార్డుకు వచ్చాడు. నేను ఆ రోజు రొట్టెల అట్టపెట్టెలు పారేయడానికి వెళ్ళి అక్కడే ఉన్నాను.

"థెల్మా, దిమ్మె నేను కట్టిస్తా. దాని మీద 'విల్లారాలో పుట్టి పెరిగిన డస్టర్' అని చెక్కిస్తా. నీకేం అభ్యంతరం లేదుగా?"

బతికుండగా ఆ మెడ ఒకసారి వాడి చేతిలో పడింది. చచ్చాక కూడా పడుతోంది. థెల్మా ముఖంలో నాకు కనిపించింది అదే.

"రాయి నీది, రాత నీది. కుక్కని మాత్రం నేను చేయిస్తా" అంది.

"అంతేనా?"

"ఇంకోటి. ముసుగు నువ్వే లాగాలి. లాగే ముందు ఇది నీ కుక్కేనని మైకులో చెప్పాలి."

"అది నువ్వు చెప్పాలా?" అంటూ రస్ పొంగిపోయాడు.

వెల్డింగ్ చేసే ఫెర్డీకి ఇనుమంతా యార్డు నుంచే పంపింది. ఒక్క మాటే చెప్పిందట: "అబద్ధం చెయ్యకు. నేను మొదట చూసిన రోజు ఎట్లా ఉందో అట్లానే చెయ్యి."

పశువుల ప్రదర్శన రోజు పార్కు కిటకిటలాడింది. ముందు వరసలో చక్రాల కుర్చీలో క్లెమ్ ముసలాయన. రస్ మైకు పట్టుకుని పావుగంట మాట్లాడాడు. "పిల్లగా ఉన్నప్పటి నుంచీ నా చేతుల్లో పెరిగింది. ఇది నేను తయారుచేసిన కుక్క" అని ముసుగు లాగాడు.

ట్రాక్టరు నాగలి ఇనుప పళ్ళేలతో ఒళ్ళు, గొర్రెల ఉన్ని కోసే కత్తెరలతో పక్కటెముకలు, ఎంత అందంగా చేశాడో ఫెర్డీ. మెడ చుట్టూ అసలు సిసలు కంచె తీగ, నాలుగు చుట్లు. దానికి తలకిందులుగా వేలాడుతూ ఇనుప కోడి.

చప్పట్లకు లేచిన చేతులు అలాగే ఉండిపోయాయి. ముప్పై దాటిన వాళ్ళకెవరికీ ఆ వైద్యం గురించి చెప్పక్కర్లేదు. బార్‌లో ఆ మాట విన్నవాళ్ళు సగం మంది అక్కడే ఉన్నారు. రస్ ముఖంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. నా కడుపు చల్లబడింది, సిగ్గు కూడా వేసింది.

"తీయించు దాన్ని" అన్నాడు థెల్మాతో, గొంతు తగ్గించి.

"నీ కుక్కేగా. నువ్వే తీయి. అప్పుడు తియ్యలేదు, ఇప్పుడన్నా తీయి."

అప్పుడు ముసలాయన గొంతు లేచింది. "ఆ కుక్కకి ఎవడ్రా అట్లా చేసింది?"

"పద నాన్నా, ఎండగా ఉంది."

"అడిగితే చెప్పవేంరా? అది నా పక్కన పడుకుంది. ఎవడు?"

రస్ చుట్టూ చూశాడు. ఒక్కళ్ళూ కళ్ళు దించలేదు. ముసలాయన మూడోసారి అడిగాక, "నేనే నాన్నా" అన్నాడు.

"నువ్వా? సిగ్గు లేదురా నీకు?" అన్నాడు క్లెమ్. కాసేపటికి అది మరిచిపోయి, బొమ్మను అప్పుడే చూసినట్టు చూసి, "ఆ కుక్కకి ఎవడ్రా అట్లా చేసింది?" అన్నాడు మళ్ళీ.

బొమ్మ తీసేయాలంటే కౌన్సిల్‌లో చేతులెత్తాలి. రస్ చెయ్యి తప్ప ఇంకో చెయ్యి లేవలేదు.

ఇది జరిగి మూడేళ్ళు. ఆదివారం ఆదివారం రస్ తండ్రిని బయటికి తీసుకొస్తాడు. కొడుకు పేరు మరిచిపోయిన మనిషి కుక్కను మాత్రం మరిచిపోలేదు, పార్కుకు తప్ప ఎక్కడికీ రానంటాడు. బొమ్మ ముందు మళ్ళీ అదే ప్రశ్న. రస్ తెలియదని చెబితే ఊరుకోడు, దారిన పోయేవాళ్ళని ఆపి మరీ అడుగుతాడు. థెల్మా వేసుకున్న పథకం ఒక్క నిమిషానికి. ముసలాయన దాన్ని ప్రతి వారానికీ పొడిగించాడు.

ఆదివారం పదింటికల్లా థెల్మా నా బేకరీకి వస్తుంది. పార్కు కనిపించే అద్దం పక్కన కూర్చుని సాసేజ్ రోల్ తింటుంది, మొదట వేడిగా ఉందో లేదో వేలితో నొక్కి చూసి. మొన్న ఉండబట్టలేక అడిగాను.

"ఇక చాలదా థెల్మా? తొంభయ్యేళ్ళ తండ్రి ముందు..."

"నేనేమన్నా అడుగుతున్నానా?" అంది సాస్ ప్యాకెట్ చింపుతూ. "ముసలాయన అడుగుతున్నాడు."

బయట రస్ చక్రాల కుర్చీ ఆపి, వంగి, తండ్రి చెవిలో జవాబు చెబుతున్నాడు.