పదిహేడో కుండీ

మా మేనత్తకి కోపం ఎక్కువని పరిశోధన కేంద్రంలో అందరూ అంటారు. ముప్పై ఒక్క ఏళ్లు అక్కడ వేర్లు కడిగిన మనిషికి ఆ మాత్రం కోపం రాకపోతేనే వింత.

ఉప్పునీళ్లు పోసి పెంచిన వరి మొక్కల్ని కుండీలోంచి తీసి, వేర్లు కడిగి, తుడిచి, కోసి పరీక్షకివ్వడం ఆమె పని. ఇందులో ఏముంది అనుకుంటే పప్పులో కాలేసినట్టే. నీళ్లలో ఎక్కువసేపు ఉంచితే వేరు లోపలి ఉప్పు కూడా కారిపోతుంది, తక్కువసేపు ఉంచితే పైన అంటిన ఉప్పు వదలదు. అందుకే అత్త ముంచి, పది దాకా లెక్కపెట్టి తీస్తుంది. ఇంట్లో ఆకుకూర కడిగినా అదే లెక్క. మేం వెనకనుంచి పదకొండు, పన్నెండు అని ఏడిపించేవాళ్లం.

ఉప్పు పోయడానికీ ఒక పద్ధతుంది. మొదటి రోజు కొంచెం, మర్నాడు ఇంకొంచెం, అలా ఐదు రోజుల్లో పూర్తి మోతాదుకి రావాలి. ఆ వ్యవధిలో వేరు సర్దుకుంటుంది. లోపలికి చొరబడ్డ సోడియాన్ని బయటికి నెడుతుంది. మిగిలినదాన్ని కణాల్లోని సంచుల్లో పెట్టి మూసేస్తుంది. తనకి కావలసిన పొటాషియాన్ని జారిపోకుండా పట్టుకుంటుంది. ఇదంతా అక్కడ ముందు పనిచేసిన శాస్త్రవేత్త, పాత డాక్టరమ్మ, అత్తని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది.

ఆవిడ వెళ్లాక కొత్త ఆఫీసరు వచ్చాడు. వారంలో రిపోర్టు పెట్టాలని ఐదు రోజుల ఉప్పూ ఒక్క మధ్యాహ్నమే పోయమన్నాడు.

"సార్, ఒక్కసారే పోస్తే వేరు బెదిరిపోతుంది" అంది అత్త.

"బెదరడానికి అదేమన్నా లేడిపిల్లా? పొయ్యమ్మా."

మూడో రోజు పరీక్ష. ఉప్పు దెబ్బ తగిలిన వేరు ప్రొలీన్ అనే పదార్థాన్ని తయారుచేసుకుంటుంది. వేరుని నూరి, మందు కలిపి వేడిచేస్తే, ప్రొలీన్ ఎంతుంటే గాజుగొట్టం అంత ఎర్రబడుతుంది. ఒక్కో వరి రకానికి ఒక్కో నంబరు. నాలుగో రకం గొట్టం ముదురు ఎరుపు. పదిహేడో రకం లేత గులాబీ. ఆఫీసరు ఎర్రగొట్టాన్ని పైకెత్తి మురిసిపోయాడు.

"ఇదీ ఉప్పుని తట్టుకునే రకం! రైతులకి ఇదే ఇస్తాం. పదిహేడుని పారేయండి."

అత్తకి అరికాలి మంట నెత్తికెక్కింది. "సార్, ప్రొలీన్ మంచిదే, కాదనను. కానీ అంత ఎక్కువొచ్చిందంటే దానికి దెబ్బ గట్టిగా తగిలిందేమో! పదిహేడు అసలు ఉప్పునే లోపలికి రానివ్వట్లేదేమో! సోడియం, పొటాషియం కూడా చూడండి. నాలుగో దాని వేర్లు కడుగుతుంటే చేతిలో మెత్తగా చితికిపోతున్నాయి."

"వేర్లు కడిగేదానివి కడుక్కో. చదువుకున్నవాళ్ల మధ్యలో దూరకు."

ఇంటికొచ్చి అత్త ఆ మాట మాకు చెప్పింది. మా పొలం నాలుగేళ్లుగా ఉప్పు పట్టి తెల్లబడింది. కేంద్రం ఇచ్చే విత్తనమే మా ఆశ. తప్పుడు రకం ఇస్తే ఇంకో పంట కూడా పోయినట్టే. అయినా మా నాన్న తలొంచుకుని "ఊరుకో అక్కా, రిటైరయ్యే ముందు గొడవెందుకు?" అన్నాడు.

"నీ పొలంలో మొలిచేదాని గురించేరా గొడవ!" అని అత్త కంచం తోసేసింది. నాకు ఆఫీసరు మీద కంటే నాన్న మీదే ఒళ్లు మండింది.

అత్త పదిహేడో రకం కుండీల్ని పారేయలేదు. కడిగే షెడ్డు వెనక దాచి, పక్కనే నాలుగో రకంవి రెండు పెట్టింది. అన్నిటికీ అదే ఉప్పునీళ్లు, అదే కొలత, నెల రోజులు. నాలుగోది ఆకుల చివర్ల నుంచి మాడుతూ వచ్చి వాలిపోయింది. పదిహేడు కొత్త పిలకలు వేసింది.

ఒకరోజు ఆఫీసరు కంట్లో పడ్డాయి. సిగ్గున్నవాడైతే తల దించుకునేవాడు. ఈ మహానుభావుడు మెమో ఇచ్చాడు. పారేయమన్న మొక్కలకి అనుమతి లేకుండా నీళ్లు ఎందుకు పోశావో రాసివ్వాలట!

క్షమించమని రాసెయ్యమని అందరూ సలహా ఇచ్చారు. మెమోకి జవాబు డైరెక్టరు చేతికి వెళ్లి తీరాలి. అది అత్తకి తెలుసు, కోపంలో ఆఫీసరు మర్చిపోయాడు. అత్త రెండే ముక్కలు రాసింది: "పదిహేడు చావలేదు కాబట్టి పోశాను. నాలుగోది చచ్చింది."

డైరెక్టరు అది రెండుసార్లు చదివి, అత్తని పిలిపించి, "ఎక్కడున్నాయమ్మా అవి?" అని లేచాడు. షెడ్డు వెనక తనే పదిహేడో మొక్కని పెరికి, వేర్లని నీళ్లలో ముంచాడు. వెంటనే తీయబోతే అత్త ఆగమంది. ఒకటి, రెండు అని పది దాకా లెక్కపెట్టింది. వేర్లు తెల్లగా, గట్టిగా ఉన్నాయి. నాలుగో రకం విత్తనం పంపకం ఆపమని, పదిహేడుని మళ్లీ పద్ధతి ప్రకారం పరీక్షించమని ఆయన అక్కడే చెప్పాడు.

ఆఫీసరు ఒక్క మాట కూడా పడలేదు. మెమోనీ ఎవరూ వెనక్కి తీసుకోలేదు. బతికున్న మొక్కకి నీళ్లు పోసిన నేరం మా అత్త సర్వీసు ఫైల్లో ఇంకా అలాగే ఉంది.