నాయన తేనె, హెడ్డు గారి బఫరు

ఆత్మకూరు కాలేజీలో నేను కెమిస్ట్రీ చెప్పే రోజుల్లో, మా నాయన దొంగా కాదా అన్నది ఒక తడి కాగితం తేల్చాల్సి వచ్చింది.

నాయనకు మేకలు బతుకుతెరువు, తేనె సరదా. ఉదయగిరి కోటగోడ పగుళ్లలో తేనెపట్టు కనబడితే చాలు, కాలికి చెప్పులున్నాయా లేవా అని కూడా చూసుకోడు. వడగట్టిన తేనెను సీసాల్లో పోసి నా చేత స్టాఫ్‌రూముకు పంపేవాడు. మా డిపార్ట్‌మెంటు హెడ్డు గారు బొజ్జ కరగాలని రోజూ పొద్దున్నే దాన్ని నిమ్మకాయ నీళ్లలో కలుపుకుని తాగేవారు. బొజ్జ మాత్రం తన పాటికి తాను పెరుగుతూనే ఉండేది.

ఒక చలికాలం ఆయన సీసాలో తేనె పేరుకుంది. ఆయన సీసాను అందరి ముందూ తలకిందులు చేసి పట్టుకున్నారు.

"చూడండయ్యా, అడుగంతా చక్కెర! మీ నాయన పాకం పోసినాడమ్మా."

"మంచి తేనె కూడా చలికి పేరుకుంటుంది సార్, నెయ్యి మాదిరి."

"నిన్నగాక మొన్న ఎమ్మెస్సీ చేసి నాకు చెప్తావా?"

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మాట నాకంటే ముందే బస్సెక్కి ఉదయగిరి చేరింది. ఆదివారం మా ఏసు గుడిలో ఎప్పుడూ కానుకల పళ్లెం పట్టుకుని తిరిగే నాయన ఆ వారం వెనక గోడ కింద కూర్చున్నాడు. ఎవరూ పొమ్మనలేదు, ఆయనే లేవలేదు.

"దొంగన్నారు గదా. ఇది తేలిందాకా నేను పళ్లెం ముట్టను పాపా," అన్నాడు ఇంటికొచ్చాక. నాయన గొంతు అంత చిన్నగా పలకడం నేనెప్పుడూ వినలేదు. ఏడుపొచ్చింది.

సోమవారం హెడ్డు గారే తేనె సంగతి సైన్సుతో తేల్చడానికి సిద్ధమయ్యారు. కాలేజీకి కొత్తగా ఎలక్ట్రోఫోరెసిస్ పెట్టె వచ్చింది. పని తేలికే. కాగితాన్ని బఫరు అనే ద్రావణంలో తడిపి, మీద బొట్లు పెట్టి, రెండు కొసలకూ కరెంటిస్తే, పదార్థాలు తమ విద్యుత్ చార్జిని బట్టి కదిలి, దేని దారిన అది విడిపోవాలి. పెద్ద ఊళ్లలో ఇదే పని వెంట్రుకంత సన్నటి గాజు గొట్టంలో చేస్తున్నారని చదివాను. మా రాతకు కాగితమే దక్కింది.

ఆయన సిరా రంగుల పాఠానికి వాడే బఫరునే పోశారు. ఒక బొట్టు నాయన తేనె, ఒక బొట్టు చక్కెర నీళ్లు. కరెంటు ఆపి, చక్కెరలకు రంగు తెప్పించే మందు చల్లి కాగితాన్ని వేడి చేస్తే మచ్చలు బయటపడ్డాయి. రెండూ పెట్టిన చోటే కూర్చున్నాయి, కదలమంటే కదలవు.

"రెండూ ఒకటే! ఇంకేం గావాల?" అన్నారు, తీర్పు చెప్పే జడ్జిలాగా.

"సార్, ఈ బఫర్లో ఏ చక్కెరకూ చార్జి ఉండదు. పాకమైనా కదలదు, తేనైనా కదలదు. తప్పు బఫరుది."

"బఫరంటే నీళ్లే గదమ్మా! దాందేముండాది?"

ఏముందా? అంతా అదే. బొట్టు ఎంత మంచిదైనా, చుట్టూ ఉన్న ద్రావణం చెయ్యి అందిస్తేనే కదులుతుంది. సాల్ట్ అనాలిసిస్ కోసం కొన్న వెలిగారం, అదే బోరాక్స్, డబ్బా ఆయన మోచేతి పక్కనే ఉంది. వెలిగారం నీళ్లు చక్కెరలను పట్టుకుని వాటికి చార్జి అంటగడతాయి. అదీ అన్నిటికీ సమానంగా కాదు. తేనెలో ఉండే చక్కెరలను గట్టిగా పట్టుకుంటాయి, కొట్లో కొనే చక్కెరను ఏదో మొహమాటానికి పలకరిస్తాయి.

వెలిగారంతో కొత్త బఫరు కలిపి, కొత్త కాగితం తడిపాను. ఈసారి మూడో బొట్టు కూడా పెట్టాను. తేనెలో నేనే కావాలని పాకం కలిపిన బొట్టు అది. కరెంటు పోకుండా చూడమని దేవుణ్ణి వేడుకున్నాను. ల్యాబులో ప్రార్థన అదే మొదలు నాకు.

మచ్చలు తేలాయి. చక్కెర నీళ్లు మొదట్లోనే వెనకబడ్డాయి. పాకం కలిపిన బొట్టు రెండుగా చీలింది, సగం వెనక, సగం ముందు. నాయన తేనె మొత్తం ముందుకు పోయింది. వెనక మరకైనా లేదు.

హెడ్డు గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. మళ్లీ పెట్టుకుని చూశారు. పొరపాటైందన్న ముక్క మాత్రం ఆ నోట రాలేదు.

"సరే, మీ నాయన్ను ఇంకో సీసా పంపమను," అన్నారు.

ఆదివారం పొద్దున్నే కాగితం తీసి చూపించబోతే నాయన దాన్ని చేత్తో పక్కకు నెట్టేశాడు.

"ఇది చూడకముందు నువ్వు నన్ను నమ్మినావా?"

"నమ్మబట్టే గదా నాయనా ఆయనతో కొట్లాడింది."

నాయన లేచి ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు.

"పద, పళ్లెం పట్టుకోవాల. మీ హెడ్డు సారుకు సీసా లేదు. గావాలంటే ఆ కాగితం నాకమను."

సోమవారం స్టాఫ్‌రూము నిండేదాకా ఆగి, కాగితాన్ని హెడ్డు గారి బల్ల మీద పెట్టి, ఆ మాట ఉన్నదున్నట్టు అప్పజెప్పాను.