అమ్మకు ఆపిన రొట్టె

మా సంఘం పాస్టరు గారి పేరెత్తితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆయన పోయి ఎన్నేళ్లయినా ఆ మంట చల్లారలేదు, చల్లార్చుకునే ఉద్దేశమూ లేదు.

డెబ్బైల్లో మాది కంకిపాడు దగ్గర పల్లె. అమ్మా నేనూ నాట్లకు వెళ్లేవాళ్లం. నాట్లు మొదలుపెట్టే రోజున ఆసామి భార్య గట్టు మీదికొచ్చి కూలి ఆడవాళ్లందరికీ కుంకుమ బొట్టు పెట్టేది. మా సంఘంలో ఆడవాళ్లు బొట్టు పెట్టుకోరు. "మాకు లేదండి అమ్మగారూ" అని అమ్మ ఏటా తప్పుకునేది. ఆ ఏడు అమ్మ రెండు చేతుల్లోనూ నారుకట్టలు, మోచేతుల దాకా బురద. వద్దనేలోపే ఆవిడ పెట్టేసింది. నాకు పెట్టింది నేను తుడిచేసుకున్నాను. అమ్మకు గుర్తుచేయాలని తోచలేదు. సాయంత్రం ఆ బొట్టుతోనే చర్చి ముందు నుంచి నడిచొచ్చింది.

పాస్టరు గారు చూశారు.

నెలకోసారి ప్రభువు బల్ల, క్రీస్తు బలికి గుర్తుగా సంఘమంతా రొట్టె పంచుకునే ఆరాధన. ఆ చిన్న రొట్టెముక్క నోట పడేదాకా అమ్మ పచ్చి మంచినీళ్లయినా ముట్టేది కాదు. ఆ ఆదివారం పళ్లెం అమ్మను దాటి పక్కామె దగ్గరికి పోయింది. "సిలువ మీద క్రీస్తు చేసిన బలి ఒక్కటే చాలు, దానికి మనం కలపాల్సింది ఏమీ లేదు" అని అంతకుముందే గొంతు చించుకున్న మనిషి, సంఘం ముందు నిలబడి క్షమాపణ అడిగితేగాని అమ్మకు రొట్టె లేదన్నాడు. ఎంత సిగ్గులేని నోరు!

మూడో నెల అమ్మ లేచి నిలబడింది. బతిమాలుకుంటుందేమోనని నాకు తల కొట్టేసినట్టయింది.

"ప్రభువుని ఆ రోజే అడిగానండి, క్షమించాడండి. మళ్లీ మిమ్మల్ని అడిగితే ఆయన చేసింది చాల్లేదన్నట్టే గదండీ" అని కూర్చుంది.

బతికున్నన్నాళ్లూ పాస్టరు గారు అమ్మకు రొట్టె ఇవ్వలేదు. అమ్మ చర్చి మానలేదు.

ఆయన పోయిన రోజు అమ్మ ఉతికిన చీర కట్టుకుని బయల్దేరింది. నేను గుమ్మంలో అడ్డం నిలబడి, "నరకానికే పోయుంటాడు" అన్నాను.

"నోర్ముయ్యవే. నాకు చాలిన క్రీస్తు రక్తం ఆయనకు చాలదా?" అని నన్ను పక్కకు నెట్టి వెళ్లిపోయింది.

నేను వెళ్లలేదు. ఇంట్లో మోకాళ్ల మీద పడి, ఆ ఒక్కడికీ చాలకూడదు ప్రభువా అని ప్రార్థించాను. అంత మనస్ఫూర్తిగా నేను మరే ప్రార్థనా చేయలేదు.