మిషనక్కకు ఒక్క చుక్కా పడలేదు

మా మెట్ల కింద కుట్టుమిషను పెట్టుకున్నావిడను వీధంతా మిషనక్క అంటుంది. అసలు పేరు నాకూ తెలియదు. పద్దెనిమిదేళ్ళుగా ఆవిడ నెత్తి మీది వాటాలోనే ఉంటున్నాను, సిగ్గు లేదు నాకు. ఆ చోట మిషను పట్టాక స్టూలు వేస్తే, ఆవిడ మోకాళ్ళు వీధిలో ఉంటాయి. అయినా అందరి తాళంచెవులూ అక్కడే. బడి నుంచొచ్చిన పిల్లలు అమ్మలొచ్చేదాకా కూర్చునేదీ అక్కడే. జాకెట్టు అడిగితే మాత్రం "రేపు" అంటుంది. ఆ రేపు ఏ వారంలో వస్తుందో దేవుడికే తెలియాలి.

వీధిని కొత్తగా కడతామంటూ ప్లానింగు ఆఫీసు వాళ్ళు వచ్చారు. "మీరు చెప్పినట్టే కడతాం" అని పెద్ద పటం గోడకు తగిలించి, ఇంటికి మూడేసి ఆకుపచ్చ చుక్కలు ఇచ్చారు. ఏవి ఉండాలో వాటి మీద అంటించాలి. పది చుక్కలు పడని చోటు పోతుంది.

తీరా చూస్తే కుళాయికి, చక్రాల కుర్చీ వాలుబాటకు, చెప్పులు కుట్టే తాత అరుగుకు బోలెడు పడ్డాయి. మిషనక్కకు సున్నా.

"ఒక్కటీ లేదేంటే?" అంది అక్క నాతో.

"ఎవరో ఒకరు వేస్తార్లే అనుకున్నానక్కా." ఇల్లిల్లూ అదే మాట. పైగా నేను, "నువ్వైనా వేసుకోవచ్చుగా?" అని కూడా అన్నాను.

"నన్ను ఉంచండని నేనే అంటించుకోనా? అంత గతిలేకుండా ఉన్నానా?" ఆవిడ తన మూడూ కుళాయికి, వాలుబాటకు, తాతకు వేసింది. ఆ వారమంతా జాకెట్లకు చేతులు తిరగేసి కుట్టింది. మధ్యమధ్యలో తలెత్తి, "నేనుంటే మీకు ఇష్టమా, లేక మొహం మొత్తానా? చెప్పి చావండే" అనేది.

అందరం ఆఫీసు మీద పడ్డాం. కొత్త చుక్కలు ఇవ్వం, ఇంటికొకటి, ఒక్కసారి మాత్రం మార్చుకోవచ్చు అన్నారు. ఆదివారం పటం ముందు వరస కట్టాం. కుళాయి మీది తీస్తే నీళ్ళతో పని, వాలుబాటది తీస్తే పాపం. మొన్నటి లెక్కలో తాతకు ఇరవై నాలుగున్నాయి కదా, ఒకటి పీకితే కొంపేం మునిగిపోదనుకున్నాను.

ప్లానింగు అమ్మాయి చదివింది. "మెట్ల కింద మిషను, ఇరవై మూడు." చప్పట్లు మోగిపోయాయి. "చెప్పుల అరుగు, ఒకటి."

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. మళ్ళీ చదవమన్నాం. మళ్ళీ ఒకటే. తిరిగి మార్చేస్తామని ఎగబడ్డాం.

"ఒక్కసారే అన్నాం కదండీ. మీరు చెప్పినట్టే కడుతున్నాం" అంది ఆ పిల్ల, బిక్కమొహం వేసుకుని.

అక్క తాత దగ్గరికెళ్ళింది. "నీ చుక్కేది తాతా?"

"నీకేశానమ్మాయ్. నాకు చాలానే ఉన్నాయనుకున్నా." తాత పటం కేసి చూసి నవ్వబోయాడు. "ఒకటుందిగా. ఎవరిదో పాపం."

అది అక్కదే. వీధి మొత్తంలో చుక్క మార్చనిది ఆవిడొక్కతే. కళ్ళు తుడుచుకుంటూ నా చెయ్యి పట్టుకుంది.

"నాకింకా ఒకటి మార్చే హక్కుందే. ఎక్కడ అంటించమంటావు? చెప్పవే."

నేను పటం వైపు కూడా చూడలేకపోయాను.