మా అమ్మాయికేం రాదండీ

ఆ రోజుల్లో కెనడాలోని మిస్సిసాగాలో కన్సల్టెంటు కాని తెలుగువాడు కనిపించేవాడు కాదు. ఊరి నిండా కొత్తగా దిగిన విద్యార్థులు, వాళ్ళకు అద్దెకిచ్చిన బేస్‌మెంట్లు, ఆ బేస్‌మెంట్ల మీద కాపురాలు చేస్తున్న మాలాంటి కుటుంబాలు. ఎవరింటికి సత్యనారాయణ వ్రతానికి వెళ్ళినా ప్రసాదం కంటే ముందు కాలేజీల కబుర్లు చేతిలో పడేవి. ఏ కాలేజీకి ముందుగా అప్లై చెయ్యాలి, ఏ ఊళ్ళో పీఆర్, అదే శాశ్వత నివాసం, తొందరగా వస్తుంది, ఎక్కడి చలి మనిషిని ప్రాణాలతో వదులుతుంది, అన్నీ అందరూ చెప్పేసేవాళ్ళు. (చెప్పినవాళ్ళలో ఒక్కరూ ఆ ఊళ్ళ మొహం చూసినవాళ్ళు కారు.) సరిగ్గా ఆ కాలంలోనే నేను పన్నెండో క్లాసులో ఉన్నాను. నాకు చదువుతోపాటు ఒక ఆట కూడా ఉండేది. ఆటతోపాటు, కెనడా దేశం మొత్తం నేనెక్కడ చేరతానా అని ఊపిరి బిగబట్టి చూస్తోందన్న నమ్మకం కూడా ఉండేది. ఆ నమ్మకాన్ని చూసి నవ్వినవాళ్ళతో మాట్లాడటం మానేశాను కాబట్టి, ఆ ఏడాది నాకు స్నేహితులు కాస్త తక్కువే.

ఆట వాలీబాల్. అయితే నన్ను చూసి వాలీబాల్ అని ఎవరూ అనుకోరు. మా ఇంట్లో పై అరలో ఉన్న పోపుల డబ్బా అందుకోవాలంటే ఇప్పటికీ నాకు ముక్కాలి పీట కావాలి. వాలీబాల్‌లో లిబెరో అని ఒక స్థానం ఉంటుంది. పొట్టివాళ్ళ మీద దేవుడు దయతలిచి పెట్టించిన స్థానం అది. అవతలివాళ్ళు బలంగా కొట్టిన బంతి నేలను తాకకుండా మనం నేల మీద పడాలి. అంతే ఉద్యోగం. సర్వీసు చెయ్యకూడదు, నెట్ దగ్గర ఎగిరి కొట్టకూడదు, ఆఖరికి చొక్కా కూడా మిగతావాళ్ళ రంగు వెయ్యకూడదు. అమ్మ మొదటిసారి మ్యాచ్‌కి వచ్చినప్పుడు ఆ చొక్కా చూసి కంగారుపడిపోయింది. "అందరికీ నీలం చొక్కాలిచ్చి నీకొక్కదానికే పసుప్పచ్చది ఇచ్చారేమే? మన రంగు చూసి కాదు కదా?" అని చెవిలో అడిగింది. నాన్న మాత్రం ఇంటికొచ్చేదాకా ఏమీ మాట్లాడలేదు. కారు దిగాక, "అంతసేపు ఆడావు, ఒక్క పాయింటన్నా కొట్టావటే?" అన్నారు. నాన్న ఎయిర్‌పోర్టు పక్కన ఒక మందుల కంపెనీలో క్వాలిటీ చూసేవారు. తప్పులు పట్టినందుకే ఆయనకు జీతమిచ్చేవాళ్ళు, ఆయన ఇంటి దగ్గర ఆ పని ఉచితంగా చేసేవారు. అయినా ఏ మ్యాచ్‌కీ రాకుండా ఉండలేదు. మంచు కురిసినా 401 హైవే మీద నడుపుకుంటూ వచ్చి, పై వరసలో చేతులు కట్టుకుని కూచునేవారు. చప్పట్లు కొట్టగా నేనెప్పుడూ చూడలేదు.

ఆ శరదృతువులో నాకు రెండు పిలుపులు వచ్చాయి. పశ్చిమాన ఉన్న యూనివర్సిటీల్లో పదకొండో క్లాసు మార్కులతోనే ముందుగా అప్లై చేసుకోవచ్చు. ఆటగాళ్ళయితే కోచ్‌తో ముందే ఒక మాట అనుకుని, ఆ ఒక్కచోటికే మాటివ్వాలి. ఒక పిలుపు సస్కటూన్ నుంచి. అక్కడి కోచ్ ఆవిడ నేను ఆడిన వీడియో చూసి స్వయంగా ఫోన్ చేసింది, జట్టులో లిబెరో చోటు ఒకటి ఖాళీ అవుతోందని చెప్పింది. రెండోది విన్నిపెగ్ నుంచి ఈమెయిల్. 'నీ ఆట మమ్మల్ని ఆకట్టుకుంది' అని మొదలయ్యే ఆ ఈమెయిల్‌ని నేను ఎన్నిసార్లు చదివానో నాకే తెలియదు. (మా రాష్ట్రం ఒంటారియోలో మోకాళ్ళకు ప్యాడ్లు కట్టుకున్న ప్రతి పిల్లకూ అదే ఈమెయిల్ వెళ్ళిందని తరవాత తెలిసింది.) నేను మాత్రం స్వయంవరంలో పూలదండ పట్టుకున్న రాకుమారిలా ఇల్లంతా తిరుగుతూ, ఎవరిని కరుణించాలా అని నిట్టూర్చేదాన్ని. అంట్లు తోమమంటే, "ఇప్పుడు నేను చాలా పెద్ద డెసిషన్‌లో ఉన్నానమ్మా" అనేదాన్ని.

మా బేస్‌మెంట్‌లో కరీంనగర్ నుంచి వచ్చిన ఒక అన్న ఉండేవాడు. పగలు కాలేజీ, సాయంత్రం వేర్‌హౌస్‌లో పని. మధ్యలో దొరికిన టైములో నాకు ఉచిత సలహాలు. "సస్కటూన్‌కే పో చెల్లె. ఆడ పీఆర్ జల్ది అస్తది" అన్నాడు. నాకు సిటిజన్‌షిప్ ఎప్పుడో వచ్చేసిందని చెప్పాను. కాసేపు ఆలోచించి, "అయినా సరే, పీఆర్ జల్ది అయితే మంచిదే గద" అన్నాడు. అమ్మ ఓటు విన్నిపెగ్‌కి, ఎందుకంటే అక్కడ పిన్ని ఉంది, ఆవకాయకు లోటుండదు. నాన్న ఓటు మిస్సిసాగాకి, ఎందుకంటే మిస్సిసాగాలో మిస్సిసాగా ఉంది. రాకుమారి మనసు మాత్రం లోలోపల ఎప్పుడో తేల్చేసుకుంది. ఈమెయిల్ పంపినవాడికంటే ఫోన్ చేసినావిడ మీదే గురి కుదిరింది నాకు. ఆ చోటు కావాలని ఎంతగా అనిపించేదంటే, దాని గురించి బయటికి మాట్లాడాలంటేనే భయం వేసేది.

ఇంతలో సస్కటూన్ కోచ్ మా ఊళ్ళో జరిగే క్లబ్ టోర్నమెంటుకి వచ్చింది. నా ఆట చూసింది. చూసి, మర్నాడు మా ఇంటికి వచ్చి అమ్మానాన్నలతో మాట్లాడతానంది. ఇక చూసుకోండి. అమ్మ తెల్లారకముందే పెసలు రుబ్బేసింది. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని టీవీ ముందు కూచున్నారు, టీవీ పెట్టకుండా. నేను బాత్రూం అద్దం ముందు నిలబడి, "అవును, మీ జట్టులో ఆ చోటుకు నాకంటే తగినవాళ్ళు మీకు దొరకరు" అని ఇంగ్లీషులో రకరకాలుగా అని చూసుకున్నాను. ఒకసారి గడ్డం పైకెత్తి, ఒకసారి చిరునవ్వుతో, ఒకసారి కాస్త జాలిగా.

కోచ్ వచ్చింది. ఆరడుగుల మనిషి, గుమ్మంలో తల వంచి మరీ లోపలికొచ్చింది. అమ్మ ఉప్మా పెసరట్టు పెట్టింది. ఆవిడ ఇష్టంగా తిని, చాలంది. అమ్మ రెండోది వేసింది. అది కూడా తిని, నిజంగానే కడుపు నిండిపోయిందంది. "పాపం మొహమాటపడుతోంది" అని నాతో అని, అమ్మ మూడోది వేసింది. ఆవిడ ఆఖరి సెట్ ఆడేవాళ్ళలా పళ్ళు బిగించి దాన్నీ పూర్తి చేసి, ప్లేటు చేతులతో మూసేసుకుని, నాన్న వైపు తిరిగింది. "ఆట నేను చూశాను. మనిషి గురించి మీకే తెలుసు. మీ అమ్మాయి ఎలాంటిదో చెప్పండి" అంది. (ఈ మాటలన్నీ ఇంగ్లీషులోనే జరిగాయి. కానీ మా నాన్న ఏ భాషలో మాట్లాడినా లోపల తెనాలే మాట్లాడుతుంది.)

నాన్న చిరునవ్వు నవ్వి, "అబ్బే, మా అమ్మాయికేం రాదండీ. ఏదో కింద పడుతుంది, లేస్తుంది" అన్నారు.

మనకిది కొత్త కాదు కదా. పదిమందిలో పిల్లల్ని పొగిడితే ఆయుక్షీణం. కాబట్టి మనం తీసిపారేస్తాం. అప్పుడు వచ్చినవాళ్ళు, "అయ్యో, అలా అంటారేంటండీ, బంగారం లాంటి పిల్ల" అనాలి. అప్పుడు మనం, "ఏదోలెండి, మీ అభిమానం" అనాలి. ఎవరి వంతు ఎవరిదో పుట్టినప్పటి నుంచి అందరికీ తెలుసు. సస్కటూన్‌లో పుట్టినావిడకు తన వంతు తెలియదు. ఆవిడ సీరియస్‌గా తలూపి ఊరుకుంది. నాన్న, అమ్మ ఆ బంగారం మాట కోసం కాసేపు ఎదురుచూశారు. రాలేదు. మందు సరిపోలేదనుకుని నాన్న మోతాదు పెంచారు. "చెప్పిన మాట వినదు. ఒకటి మొదలుపెడితే పూర్తిచెయ్యదు" అన్నారు. అమ్మ అందుకుని, "ఒట్టి బద్ధకం! నేను దుప్పటి లాగితేగానీ లేవదు. దానికి తోడు ముక్కు మీద కోపం" అంది. ఆవిడ ఇంకా సీరియస్‌గా తలూపింది. చివరికి నన్నడిగింది, "నువ్వేమంటావు? మా జట్టులో నిలబడగలవా?" అని.

అద్దం ముందు అన్ని రకాలుగా అన్న ఆ మాట గొంతుదాకా వచ్చింది. ఎదురుగా అమ్మ, పక్కన నాన్న. తల వంచుకుని కార్పెట్ వైపు చూస్తూ, "ఏమో, ట్రై చేస్తాను" అన్నాను. అది విని అమ్మానాన్నలిద్దరూ పెంపకం వృథా పోలేదన్నట్టు ఒకరినొకరు చూసుకున్నారు.

ఆ వారంలోనే కోచ్ ఫోన్ చేసింది. చాలా మర్యాదగా మాట్లాడింది. తన సర్వీసులో ఇంత నిజాయితీగల తల్లిదండ్రుల్ని చూడలేదట. నేను ఇంకా సిద్ధంగా లేనని ఇంట్లోవాళ్ళే చెప్పారు కాబట్టి, ఈసారికి ఇంకో అమ్మాయిని తీసుకుందామనుకుంటోందట. నేను "థాంక్యూ" అని పెట్టేసి, బేస్‌మెంట్‌లో ఉన్న వాషింగ్ మెషీన్ దగ్గరికెళ్ళి, అది తిరుగుతున్నంతసేపూ ఏడ్చాను. అది ఆగాక కూడా ఏడుస్తుంటే బేస్‌మెంట్ అన్న బట్టల బుట్టతో వచ్చి నిలబడ్డాడు. సంగతి చెప్పాను. బుట్ట అక్కడే పడేసి తిన్నగా పైకెళ్ళాడు.

"ఏంది అంకుల్ గిట్ల చేసిన్రు! గీ దేశంల ఒకటి చేస్తే పది చెప్పాలె. డబ్బాలు మోస్త అని రాస్తే నాకు ఎవ్వడన్న ఉద్యోగం ఇచ్చిండా? సప్లై చెయిన్ అసోసియేట్ అని రాసిన, తెల్లారి పిలిచిన్రు. మీరేమో బంగారం అసొంటి పిల్లను పట్టుకొని బద్ధకం అంటిరి!"

బంగారమన్న మాట ఎట్టకేలకు వచ్చింది, కానీ అనాల్సినవాళ్ళ నోటి నుంచి కాదు. నాన్న మొహం చిన్నబోయింది. "మనం మర్యాదగా మాట్లాడాం. అది ఆవిడకు అర్థం కాకపోతే మన తప్పా?" అన్నారు, గొంతులో పస లేకుండా. అమ్మకైతే మనిషి మీదే నమ్మకం పోయింది. "మూడు పెసరట్లు తిని వెళ్ళి ఇంత పని చేస్తుందా!" అంది.

అప్లికేషన్లకు గడువు దగ్గరపడింది. రాకుమారి దండ వాడిపోయింది. నేను ఎక్కడికీ అప్లై చెయ్యనని, ఆట మానేస్తానని ప్రకటించి, ఆకులు ఊడ్చే పనిలో పడ్డాను. ఆ శనివారం మధ్యాహ్నం నేనూ అన్నా ఇంటి ముందు మేపుల్ ఆకులు పోగుచేస్తుంటే నాన్న బయటికొచ్చి, మమ్మల్ని చూసి, డ్రైవ్‌వేలో ఉన్న కారెక్కి తలుపేసుకున్నారు. అద్దాలు కూడా ఎత్తేశారు. ఎక్కడికీ వెళ్ళట్లేదు, ఫోన్ చేసుకుంటున్నారు. ఇంట్లో ఎవరూ వినకూడదని కారులోకి వెళ్ళిన మా నాన్నకు, తన ఫోన్ కారు స్పీకర్లకు కలిసిపోయిందని, ఆ స్పీకర్లు వీధి చివరిదాకా వినిపిస్తాయని తట్టలేదు. ముందు రింగు వినిపించింది. తరవాత కోచ్ గొంతు, మా పక్కింటి కుక్క చెవులు రిక్కించేంత గట్టిగా. ఆ గొంతుతో సమానంగా మాట్లాడాలని నాన్న కూడా లోపల అరుస్తున్నారు.

"మేడమ్, మొన్న మేం చెప్పింది మీరు నమ్మకూడదు" అన్నారు నాన్న.

"అంటే అబద్ధం చెప్పారా?" అందావిడ.

"కాదు మేడమ్. అది మా పద్ధతి. మీరు మూడో పెసరట్టు వద్దన్నారు. మేం నమ్మామా? నమ్మలేదు. మీరూ మమ్మల్ని అలాగే నమ్మకుండా ఉండాల్సింది."

ఆవిడ పెద్దగా నవ్వడం వీధంతా వినిపించింది. తరవాత, "అయితే ఇప్పుడు నమ్మాల్సింది చెప్పండి" అంది.

నాన్న ఓసారి దగ్గారు. అద్దంలోంచి చూస్తే, ఒక చేత్తో స్టీరింగ్ గట్టిగా పట్టుకుని కూచున్నారు, కారు కదలకపోయినా. అప్పుడు మొదలుపెట్టారు. "నా కూతురు బంతిని చూడదు మేడమ్. కొట్టే పిల్ల భుజం చూస్తుంది. బంతి వచ్చేసరికి అక్కడ ఉంటుంది. మొదట్లో నేను అదృష్టమనుకున్నాను. నా ఉద్యోగమే తప్పులు వెతకడం, కాబట్టి ప్రతి మ్యాచ్‌లోనూ వెతికాను. అదృష్టం కాదు. వాళ్ళ జట్టు ఓడిపోతున్నప్పుడు మిగతా పిల్లలు ఒకరి మీద ఒకరు అరుచుకుంటారు. ఇది అరవదు. పడిన పిల్లకు చెయ్యిచ్చి లేపుతుంది. దెబ్బ తగిలితే మాకు చెప్పదు, గదిలోకెళ్ళి ఐస్ పెట్టుకుంటుంది. మాకు తెలియదనుకుంటుంది. ఆ ఐస్ ప్యాకెట్లు అయిపోకుండా తెచ్చి పెట్టేది నేనే. బద్ధకం అబద్ధం. కోపం మాత్రం నిజం, నా పోలిక."

నా చేతిలోని ఆకుల చీపురు ఎప్పుడు జారిందో తెలియదు. అన్న దాన్ని తీసి నా చేతిలో పెట్టాడు. స్పీకర్లలోంచి కోచ్ గొంతు వచ్చింది. "అప్లై చెయ్యమనండి. ఆ రెండో అమ్మాయిని కూడా రమ్మన్నాను. ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి చూస్తాను. చోటు ఇస్తానని మాటివ్వను" అంది. "అంతకంటే ఏం కావాలండీ" అన్నారు నాన్న.

వెళ్ళాను. ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టింది. ఆ రెండో అమ్మాయి నాకంటే బాగా ఆడింది. మొదటి రెండేళ్ళు నేను బెంచీ మీద కూచుని ఆ పిల్లకు నీళ్ళ సీసాలు అందించి, మూడో ఏడు కోర్టులోకి దిగాను. దేశం ఊపిరి బిగబట్టిన దాఖలాలేమీ కనపడలేదు. ఇప్పుడు అదే ఊళ్ళో ఉద్యోగం చేసుకుంటున్నాను. మెట్లెక్కుతుంటే మోకాళ్ళు చప్పుడు చేస్తాయి. ఆఫీసులో ఏటా నా పని గురించి నన్నే చెప్పమంటారు, నేను కార్పెట్ వైపు చూస్తూ "ఏదో, ట్రై చేస్తున్నాను" అంటాను. ఆ తరవాత మా డ్రైవ్‌వేలో మూసిన అద్దాల వెనక స్టీరింగ్ పట్టుకుని కూచున్న మనిషి గుర్తొచ్చి, తలెత్తి, చేసిన పని చేసినట్టు చెప్తాను.

ఆ రోజు ఫోన్ పెట్టేసి నాన్న కారు దిగారు. అన్న ఒక్క ఆకు కూడా లేని చోట శ్రద్ధగా ఊడవడం మొదలుపెట్టాడు. నా మొహం చూడగానే నాన్నకు సంగతి తెలిసిపోయింది. ఒకసారి కారు వైపు, ఒకసారి వీధి వైపు చూసి, చొక్కా సర్దుకున్నారు.

"విన్నావా? అదంతా చోటు కోసం చెప్పిన మాటలే. నిజమనుకుని తలకెక్కించుకోకు" అనేసి లోపలికెళ్ళిపోయారు.

ఆయన చెప్పిన మాటలు దాదాపు అన్నీ విన్నాను. ఆ ఒక్కటి మాత్రం ఇవాళ్టి దాకా వినలేకపోయాను.